నీరెండ పాటల మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నాకు రీడింగ్ ఊళ్ళో, ఆఫీసు మీటింగు మధ్యలో తెలిసింది. ఫోన్ తెర మీద నాటింగ్‌హామ్ నంబరు చూసి బయటికొచ్చాను. ఫోన్ చేసింది తాళాలావిడ, మాస్టారి క్లాసు హాలు తెరిచే ఆవిడ. నేను నాటింగ్‌హామ్ వదిలాక ఆవిడ నాకు ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి. "మంగళవారం ఆయన క్లాసుకు రాలేదు. ఆయన చెప్పకుండా రాకపోవడమన్నది ఎప్పుడూ లేదు. అందుకని నేనే ఇంటికెళ్ళి చూశాను," అన్నది. పాలసీసా గుమ్మంలోనే ఉందట. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడట. "శుక్రవారం క్రిమటోరియంలో. మీరు వస్తారా? ఆయన భాష తెలిసినవాళ్ళు ఇక్కడ ఇంకెవరూ లేరు," అని ఫోన్ పెట్టేసింది.

ఆయన భాష తెలిసినదాన్ని. ఆయన విషయంలో నా అర్హతా అదే, నేను చేసిన పాడుపనికి మూలమూ అదే. ఆ మాట మనసులో పెట్టుకునే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నాటింగ్‌హామ్‌లో ఉన్న మనవాళ్ళు కొందరు ఆయన్ని చూసే ఉంటారు. ఉగాది ఫంక్షన్లలో చివరి వరసలో మంకీ క్యాప్ తియ్యకుండా కూర్చుని, పచ్చడి రెండోసారి అడిగి పెట్టించుకుని, సినిమా పాటలు మొదలవగానే లేచి వెళ్ళిపోయే పెద్దాయన. సొంతూరు యానాం. ఫ్రెంచివాళ్ళ హయాంలో వాళ్ళ బడిలో చదువుకుని, ఆ భాష పట్టుకుని ముందు ఫ్రాన్సు, తర్వాత ఇంగ్లండు చేరి, ఇక్కడి పిల్లలకు ఫ్రెంచి చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మనవాళ్ళు అడిగితే, "కుదర్లేదండీ," అని పచ్చడి మెచ్చుకునేవారు.

నేను ఆయన్ని చూసింది కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం గండం అని అందరూ హడావుడి పడ్డ తర్వాతి చలికాలంలో. మా ఆయనకు కాంట్రాక్టు ఉద్యోగం, నాకు ఫ్లాట్‌లో గోడలు. లైబ్రరీ బోర్డు మీద ఒక కాగితం కనబడింది. మధ్యయుగాల ప్రేమపాటలు, సాయంకాలం క్లాసు, చర్చి హాల్లో, అందరూ రావచ్చు. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్న పొగరు కొంత ఉంది కదా, చూద్దామని వెళ్ళాను. హాలు తలుపు మూసి ఉంది. బయట ఒక పెద్దాయన చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నారు. నేను మా ఆయనకు ఫోన్ చేసి, హాలుకు తాళం వేసి ఉందని తెలుగులో గొణుగుతుంటే, ఆయన తల తిప్పి చూశారు.

"అమ్మాయిగారూ, గుంటూరు వైపాండీ మీది?"

"తెనాలి అంకుల్. మీరూ క్లాసుకేనా?"

"క్లాసు చెప్పేది నేనేనండీ. అంకుల్ అనకండి, ఎవరికో పిన్ని మొగుణ్ణయినట్టుంటది. మాస్టారనండి చాలు," అన్నారు. తర్వాత, "అయితే మీరు క్లాసులో చేరతారాండీ?" అని అడిగారు. ఆ అడగడంలో సంతోషంతోపాటు ఇంకేదో ఉందని నాకు ఆనాడు తట్టలేదు.

అంతలో చీకట్లో గలగలమని తాళాల గుత్తి చప్పుడైంది. ఎర్ర ఊలుదారానికి కట్టిన తాళాలతో ఒకావిడ వచ్చింది. జుట్టు తెల్లబడింది, నడకలో వయసు కనపడలేదు. హాలు తెరవడం, కుర్చీలు వెయ్యడం, టీ నీళ్ళు పెట్టడం ఆవిడ పని. భర్త పోయాడని, హాలు కమిటీలో ఉందని, రికార్డర్ అనే పిల్లనగ్రోవి వాయిస్తుందని తర్వాత తెలిసింది. ఇంట్లో మా ఆయనతో చెప్పుకునేటప్పుడు 'తాళాలావిడ' అని పేరు పెట్టాను.

కమిటీవాళ్ళు మాస్టారికి ఒక డూప్లికేట్ తాళం ఇస్తామంటే ఆయన వద్దన్నారట. "నాకు మరుపెక్కువండీ, పారేస్తాను," అన్నారట. ఎన్నో ఏళ్ళ కిందటి పాటలు కాగితం చూడకుండా పాడే మనిషికి మరుపట! ప్రతి మంగళవారం అందరికంటే ముందొచ్చి, ఆ తాళాల చప్పుడు కోసం చలిలో నిలబడేవారు.

క్లాసు మాత్రం చూసి తీరాలి. వీణకు బుల్లి తమ్ముడిలా ఉండే లూట్ అనే వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఉన్న రిటైర్డ్ ఇంగ్లీషు వాళ్ళకు ఈ యానాం మనిషి దక్షిణ ఫ్రాన్సు పాత పాటలు నేర్పేవారు. కోటలో ఒక దొరసాని. ఆవిడ కొలువులో ఒక కవి. ఆవిడ మీద ప్రేమ. దగ్గరికి వెళ్ళడు, కావాలని అడగడు, పాట కడతాడు. పాటలో ఆవిడ అసలు పేరు ఉండకూడదు, మారుపేరు పెట్టాలి. చివర ఒక చిన్న చరణంలో పాటను ఒక కబురుమనిషి చేతికిచ్చి పంపుతాడు. ఆ పాటల్లో దుర్మార్గుడు భర్త కాదు, రాజూ కాదు. గుట్టు రట్టు చేసేవాడు.

"ప్రేమంటే చేరుకోవడం అనుకుంటాం కదండీ," అనేవారు మాస్టారు నాతో, విరామంలో టీ తాగుతూ. "వీళ్ళు ఎదురుచూడ్డంలోనే ఇల్లు కట్టుకుని కాపురం పెట్టారండీ. మొగుడూ పెళ్ళాలకి పాటెందుకండీ, కరెంటు బిల్లు సరిపోద్ది." తాళాలావిడ అటు తిరగ్గానే టీ సాసర్లో ఒంపుకుని జుర్రేవారు. ఆవిడ ఇటు తిరిగేసరికి కప్పు చేతిలో బుద్ధిగా ఉండేది.

క్లాసు చివర ఆయన ఒక తెలుగు పాట పాడేవారు. ఇది ఫలానా పాత పాటకు మా ఊరి భాషలో అనువాదం అని అందరికీ చెప్పేవారు. అందరూ కళ్ళు మూసుకుని తలలూపేవాళ్ళు. నేను చేరిన మొదటిరోజు నేనూ కళ్ళు మూసుకున్నాను. వెంటనే తెరిచాను.

నీరెండా, నీ రాక తెలిపేది
తలుపు కాదు, గడప కాదు,
తాళాల గుత్తి సవ్వడి.
ఆ సవ్వడి కన్నా ముందొచ్చి
చలిలో నిలిచినవాణ్ణి.
పొగలు కక్కే కప్పు నువ్వందిస్తే
వేళ్ళు తగలకుండా అందుకునేవాణ్ణి.

చుట్టూ చూశాను. ఎవరి ముఖంలోనూ ఏమీ లేదు. తాళాలావిడ టీ బాయిలర్ పక్కన, ఎర్రదారం వేలికి చుట్టుకుని, పాట వింటూ నిలబడి ఉంది.

క్లాసు అయ్యాక బస్‌స్టాప్‌లో పట్టుకున్నాను. "మాస్టారండీ, ఆ పాట పాతదేనా?"

"పాతదేనండీ."

"ఆ కాలం కోటల్లో టీ ఇచ్చేవాళ్ళా?"

ఆయన ముందు బూట్ల వంక చూశారు. తర్వాత నవ్వేశారు. "ఆయ్, దొరికిపోయానండీ. ఇంతకాలం ఎవరికీ తెలీని భాషలో నిమ్మళంగా పాడుకున్నాను. ఇప్పుడు మీరొచ్చారు." కోపంగా అనలేదు. నేను మాత్రం ఆ రహస్యం తెలిసినందుకు తెగ మురిసిపోయాను. మా ఆయనతో చెప్పకుండా ఒక్క పూట కూడా ఉండలేకపోయాను.

తర్వాతి మంగళవారం ఆ పాట చివర కొత్త చరణం ఒకటి వచ్చింది.

పాటను మోసే చెలీ,
మోసుకుపో, దించిరా,
మూట విప్పకు.
విప్పితే నీరెండ జారిపోతుంది,
బట్ట మిగులుతుంది.

సంప్రదాయం ప్రకారం కబురుమనిషి చరణం పెట్టారు కాబోలు, పాట నిండుగా ఉంది అనుకున్నాను. ఆ మనిషిని నేనేనని, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పలేక, ఆయనకు చేతనైన ఒకే ఒక పద్ధతిలో నన్ను బతిమాలుతున్నారని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆగేదాన్నా? చెప్పలేను. నా సంగతి నాకు తెలుసు.

దాదాపు ప్రతివారం ఆ పాటే పాడేవారు. నేను ఆయనకు బాగా దగ్గరయ్యాను. ఆదివారాలు మా ఫ్లాట్‌కు భోజనానికి వచ్చేవారు. క్యాబేజీకి ఆవ పెట్టి వండటం నాకు నేర్పింది ఆయనే. బస్సు డ్రైవరు గురించి చెప్పినా 'డ్రైవరుగారండీ' అనేవారు. నారింజపండు వలిచి, తొనల మీద పీచు కూడా తీసి, ముందు మాకు పెట్టి తర్వాత తాను తినేవారు.

ఒక చలికాలం ఆయనకు న్యుమోనియా చేసింది. హాస్పిటల్‌కు వెళితే, వార్డులో అన్ని మంచాల చుట్టూ మనుషులున్నారు, ఆయన మంచం పక్కన ఖాళీ కుర్చీ ఉంది. తాళాలావిడ ద్రాక్షపళ్ళు నర్సు చేతికిచ్చి, లోపలికి రాకుండా వెళ్ళిపోయిందని తెలిసింది. నా మనసు పాడైపోయింది. ఇద్దరూ ఒంటరివాళ్ళు. ఇద్దరికీ ఇష్టమే. మధ్యలో అడ్డం ఏమిటయ్యా అంటే, ఎప్పుడో చచ్చిపోయిన ఫ్రెంచి కవుల మర్యాద.

మన కూచిపూడి పదాల్లో చెలికత్తె ఏం చేస్తుంది? నాయిక కుమిలిపోతుంటే నాయకుడి దగ్గరికి వెళుతుంది, దెప్పుతుంది, నచ్చజెప్పి చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. నేను చిన్నప్పుడు గజ్జెకట్టి ఆడింది ఆ చెలికత్తె వేషమే. ఇక్కడ నా పని అదే అనుకున్నాను.

"నీకెందుకే ఆ గోల? పెద్దవాళ్ళు వాళ్ళు," అన్నాడు మా ఆయన.

"పెద్దవాళ్ళు కాబట్టే ఎవరో ఒకరు కల్పించుకోవాలి. మన ఇళ్ళల్లో సంబంధాలు వాటంతటవే కుదురుతాయా?"

"ఆయన్ని అడిగావా పోనీ?"

"అడిగితే వద్దంటారు. ఆయన సంగతి నీకు తెలీదు."

శ్రావణ శుక్రవారం పేరంటానికి తాళాలావిడను పిలిచాను. మాస్టారు అప్పటికి కోలుకుని క్లాసులు మళ్ళీ మొదలుపెట్టారు. సంబంధం మాట్లాడటానికి అంతకన్నా మంచిరోజు ఏముంటుందని నా లెక్క. ఆవిడ పూలగౌను వేసుకుని ముచ్చటపడి వచ్చింది. భర్త లేనావిడకు బొట్టేమిటని ఎవరేమనుకున్నా సరేనని బొట్టు పెట్టాను. తాంబూలం, నానబెట్టిన శనగలు, జాకెట్టుగుడ్డ ఇచ్చాను. మిగతావాళ్ళు వెళ్ళాక వంటింట్లో కూర్చోబెట్టి, ఆ పాట ఒక్కొక్క మాటా ఇంగ్లీషులో చెప్పాను. తాళాల గుత్తి ఎవరిదో చెప్పాను. నీరెండ అంటే ఏమిటో, ఎవరో చెప్పాను. చివరి చరణం చెప్పలేదు. అది ఊరికే సంప్రదాయం కదా, అసలు సంగతికి అడ్డమెందుకని వదిలేశాను.

ఆవిడ శనగల పొట్లం కేసి చూస్తూ విన్నది. "చెప్పమని ఆయన అన్నారా?" అని అడిగింది.

"లేదు. ఆయన ఎప్పటికీ చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను."

ఆవిడ లేచింది. కోటు వేసుకుని గుమ్మం దగ్గర, "తెలిశాక కూడా తెలియనట్టు ఉండటం మర్యాద కాదేమో," అన్నది. నేను గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయనకు పాయసం రెండుసార్లు వడ్డించాను.

మంగళవారం క్లాసు చివర మాస్టారు లూట్ తీగలు సవరించుకుంటున్నారు. తాళాలావిడ ముందుకొచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది. ఎంతో ఆప్యాయంగా, అందరికీ వినపడేలా అడిగింది.

"ఆ తాళాల పాట పాడతారా?"

ఆయన వేళ్ళు తీగల మీద ఆగిపోయాయి. ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటే ఈ పాటికి నేను మర్చిపోయేదాన్ని. ఏమీ లేదు, ఒక్క క్షణం చూశారంతే. తర్వాత ఆవిడతో, చాలా మర్యాదగా, "ఆ పాట మర్చిపోయానండీ," అన్నారు ఇంగ్లీషులో. ఆ రోజు క్లాసు పాట లేకుండా ముగిసింది. తెలుగు పాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు.

వారం తిరిగి నేను వెళ్ళేసరికి హాలు తలుపు తెరిచే ఉంది. లోపల మాస్టారు ఒక్కరే కుర్చీలు వేసుకుంటున్నారు. కమిటీవాళ్ళను అడిగి డూప్లికేట్ తాళం తీసుకున్నారట. ఇక ఆవిడ ముందుగా రావలసిన పని లేదు. ఇబ్బంది పడుతూ ఎదురుపడే అవసరమూ లేదు. ఆవిడ అందరితోపాటు వచ్చి, అందరితోపాటు కూర్చుని, అందరితోపాటు వెళ్ళింది. ఆయన చేసిన మర్యాద అది. ఆ కుర్చీల చప్పుడు వింటూ గుమ్మంలో నిలబడ్డ నాకు, నేనేం చేశానో అప్పుడు తెలిసింది. ఆయన పాడిన పాటల్లో అందరూ భయపడే మనిషిని నేనే. గుట్టు రట్టు చేసేదాన్ని.

బస్‌స్టాప్‌లో ఏడ్చేశాను. "క్షమించండి మాస్టారూ, మీకు మంచి జరుగుతుందనుకున్నాను," అన్నాను.

"మీరు చెడ్డ పని చెయ్యలేదండీ. మన పదాల్లో చెలికత్తె పనే మీరు చేశారు. నేను వేరే ఊరి పాట పాడాను," అన్నారు. చేతులు చంకల్లో పెట్టుకుని రోడ్డు వంక చూస్తూ, "అడిగితే ఏమవుతాదండీ? ఔనంటారు, కాదంటారు. రెండూ చిన్న మాటలే కదండీ," అన్నారు. అంతలో బస్సు వచ్చింది. "ముందు మీరెక్కండి, చలిగా ఉంది."

ఆ తర్వాత నాకు రీడింగ్‌లో ఉద్యోగం దొరికింది. మంచి అవకాశమని అందరితో చెప్పాను. నాటింగ్‌హామ్ నుంచి పారిపోయానని నాకు తెలుసు. ప్రతి ఉగాదికీ ఆన్సర్ ఫోన్‌లో ఆయన గొంతు ఉండేది. "అమ్మాయిగారూ, మాస్టార్నండీ. పనేం లేదండీ. పచ్చడి చేసుకున్నారా?" కొన్నిసార్లు ఆయన మాట్లాడుతుంటే నేను ఫోన్ పక్కనే నిలబడి ఉన్నాను. ఎత్తలేదు. ఎత్తితే మామూలుగా మాట్లాడతారు. ఆ మామూలుతనాన్ని తట్టుకోలేక ఎత్తలేదు. రేపు చేద్దాంలే అనుకునేదాన్ని. మొన్నటి దాకా అనుకుంటూనే ఉన్నాను.

శుక్రవారం క్రిమటోరియంలో పాత క్లాసువాళ్ళు వచ్చారు. నేను తెచ్చిన తులసాకు, గంగనీళ్ళ సీసా వాళ్ళు మర్యాదగా చూశారు. తర్వాత అందరం టీకి హాలుకు వెళ్ళాం. తలుపు తాళాలావిడే తీసింది. ఎర్రదారానికి ఇప్పుడు ఒక తాళంచెవి ఎక్కువగా ఉంది. మాస్టారిది ఆవిడ దగ్గరికే తిరిగి వచ్చింది.

అందరూ వెళ్ళిపోయాక కప్పులు కడుగుతూ ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది. "మీరు చెప్పకముందు నాకు తెలియదనుకున్నారా? ఈ కాసిని కుర్చీలు వెయ్యడానికి నేను అంత ముందుగా రావాలా?"

నేను మిగిలిన కప్పులు తెచ్చి సింకు పక్కన పెట్టాను.

"నేను అడక్కుండా ఉండాల్సింది," అన్నది.

"నేను చెప్పకుండా ఉండాల్సింది," అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుంది. "ఆ పాట ఒక్కసారి పాడండి. మీరు కాక ఇంకెవరు పాడతారు?"

నాకా అర్హత లేదని చెప్పాలనిపించింది. అదీ ఆవిడ చేత ఓదార్పించుకోవడమే అవుతుందని పాడాను. నీరెండా, నీ రాక తెలిపేది. తాళాల గుత్తి దాకా వచ్చాను, చలి దాకా వచ్చాను, కప్పు దాకా వచ్చాను. చివరి చరణం దగ్గర ఆపేశాను. నిజం చెప్పాలంటే, ఆ చరణం పాడే ధైర్యం నాకు లేదు.

ఆవిడ అందుకుంది. సింకు దగ్గరే నిలబడి, ముక్క తెలుగు రాని నోటితో, 'త'ను 'ట'గా, 'ద'ను 'డ'గా తిప్పేస్తూ, స్వరం మాత్రం ఇసుమంతైనా తప్పకుండా పాడింది. ఏళ్ళ తరబడి మంగళవారాలు విని విని నోటికి వచ్చేసినట్టుంది. పాటను మోసే చెలీ. మోసుకుపో, దించిరా. మూట విప్పకు. నా వైపు చూస్తూ పాడింది. ఏం పాడుతున్నదో ఆవిడకు తెలియదు.

పాడటం అయ్యాక, "సరిగ్గా పలికానా?" అని అడిగింది.

"సరిగ్గానే పలికారు."

"నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. ఆ రోజు మీరు దీని అర్థం చెప్పలేదు." నేను నోరు తెరిచాను. ఆవిడ సబ్బు నురగ ఉన్న చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దు, చెప్పకండి. ఇదొక్కటీ ఇలాగే ఉండనివ్వండి."

చెప్పలేదు. గుడ్డ తీసుకుని ఆవిడ పక్కన నిలబడి కప్పులు తుడిచాను. ఆవిడ అదే చరణం కూనిరాగం తీస్తూ ఒక్కొక్క కప్పూ కడిగి ఇస్తుంటే, నడుము దగ్గర ఎర్రదారానికి హాలు తాళంచెవులు రెండూ, ఆవిడదీ మాస్టారిదీ, ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి.